కత్తెర మాస్టారి బొటనవేలు

అనగనగా ఒక బొటనవేలు. ఆ వేలికి ఒక కత్తెర, ఆ కత్తెరకు ఒక మాస్టారు, ఆ మాస్టారికి కోటలు దాటే మాటలు. ఊ కొట్టేవాళ్లు ఇద్దరుంటే చాలు, ఆయనకు ఆకలి కూడా గుర్తుండేది కాదు.

దర్జీ దుకాణంలో బట్ట కత్తిరించడం ఆయన పని. ఇస్త్రీపెట్టె ఆవిరి కొట్టి కుడి బొటనవేలి చర్మం ఊడిపోయిన నాటి నుంచి ఆయన కత్తెర గోడ మేకుకు వేలాడుతోంది. ఈ సాయంత్రం కట్టు విప్పేసరికి వేలు మానకపోతే, రేపటి నుంచి ఆ బల్ల దగ్గర మరో మాస్టారు నిలబడతాడని యజమాని మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పిన మాటే ఎక్కువ గుచ్చుకుంది.

కట్టు విప్పడానికి ఆయన మేనకోడలే వచ్చింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. దుకాణం అరుగు మీద కూర్చుని మామయ్య చేతిని ఒళ్లోకి తీసుకుంది. పక్కనే అత్తయ్య, మాస్టారి భార్య, చొక్కాలకు కాజాలు కుడుతోంది. ఇస్త్రీ చేసే పెద్దాయన టీ గ్లాసుతో మెట్టు మీద చేరాడు. మొదటి చుట్టు వదులైంది. మామయ్య మొహం వీధి వైపు తిప్పేసుకుని కథ అందుకున్నాడు.

"డాక్టర్లు చేసిందేముంది అన్నా! మందు పూశారు, గుడ్డ చుట్టారు. అసలు పని నాది. పెద్ద గొప్పేమీ కాదులే. కణం లోపలికి వెళ్లి ఒక్క జిప్పు లాగానంతే."

"అంత చిన్న కణంలో నీ పొట్ట ఎలా పట్టింది?" అన్నాడు పెద్దాయన.

"ఊపిరి బిగబట్టాను. లోపల ఒక గది. గదిలో మెలితిరిగిన నిచ్చెన. డీఎన్ఏ అంటారు. మన ఒంటి కొలతలన్నీ అందులోనే ఉంటాయి. కొత్త చర్మం రావాలంటే ఒక కణం రెండు కావాలి, రెండు కావాలంటే ముందు ఆ కొలతలకు నకలు తీయాలి. జిప్పు లాగేసరికి నిచ్చెన నిలువునా రెండు పోగులైంది. పాత పోగు పక్కన కొత్త పోగు జత చేశాను. ఆ కొలతలు రాసిన అక్షరాల్లో ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి, బొత్తానికి కాజా అన్నట్టు. ఒక వైపు సర్రున వెళ్లిపోయాను. రెండో వైపు పోగు ఎదురు తిరిగి ఉంది, అక్కడ వచ్చింది చిక్కు. ఎందుకో తెలుసా? అక్కడి కుట్టుమిషను ముందుకే కుడుతుంది, వెనక్కి కుట్టదు! ముక్కలు ముక్కలుగా కుట్టి, అన్నిటినీ కలిపి అతికాను."

మేనకోడలు తల ఎత్తలేదు. కట్టు మార్చిన ప్రతిసారీ మామయ్య భయం పోవాలని ఈ సంగతులు చెప్పింది ఆమే. చెప్పినవాటిలో ఒక్కటీ పోలేదు. కొత్తగా చేరింది మామయ్య ఒక్కడే.

"వేలు కాలకముందు ఇచ్చాను, ఇంట్లో దిండు గలీబు కత్తిరించమని," అంది అత్తయ్య దారం కొరుకుతూ.

"కణం మధ్యలో గలీబేమిటే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకచోట సి ఎదురుగా టి పడింది. కుట్టు విప్పి సరిచేశాను. ఇక చర్మానికి సరుకు, అదే ప్రొటీను, తయారు కావాలి. ఆ పని జరిగేది గది బయట. అసలు నమూనా గది దాటకూడదు, మన యజమాని తన కొలతల అట్టలు బీరువా దాటనివ్వడు చూడు, అలాగ. అందుకని కావలసినంత మేరకు పల్చటి కాగితం మీదికి దించుకున్నాను. దాని పేరు ఆర్ఎన్ఏ. అందులో టి ఉండదు, యు పెట్టాలి. అది పట్టుకుని బయటికి పరుగు!"

"ఒక్కడివే?" అన్నాడు పెద్దాయన.

"ఒక్కణ్ణే! వేలు పూర్తయినా ఊపు ఆగలేదు, మోచెయ్యి దాకా తిరగేసి కుట్టేశాను. మిగిలిన పోగు చుట్టడానికి కండె చాల్లేదు. చంద్రుడికి చుట్టాను. చంద్రుడూ చాల్లేదు. సూర్యుడికి చుట్టాను. ఆ వేడికి ముడతలు పోయి ఇస్త్రీ కూడా అయిపోయింది!"

"అయితే నా పనీ ఊడిందన్నమాట," అన్నాడు పెద్దాయన.

కట్టు తరిగే కొద్దీ మామయ్య గొంతు పెరుగుతోంది. చివరి పొర అంటుకుపోయి ఉంది. మేనకోడలు దాన్ని నీటితో తడిపి, మెల్లగా లాగింది.

"నకలంటే నకలే! ఇన్నేళ్లుగా కత్తెర పిడి ఒరుసుకుని నా వేలికి గట్టిగా కాసిన కాయ ఉందే, దాన్నీ వదల్లేదు! నిచ్చెనలో దాని కొలత చూసి, అచ్చు అక్కడే, అలాగే దించాను. కావాలంటే చూసుకోండి!"

పొర వచ్చేసింది. మేనకోడలు చాలాసేపు చూసింది. అంచు నుంచి అంచు దాకా లేత గులాబీ రంగు చర్మం. ఎక్కడా పుండు లేదు. నున్నగా ఉంది, పసిపిల్ల బుగ్గలా.

"మామయ్యా, కాయేది?"

ఆయన అప్పుడు తిరిగి చూశాడు. "అది... ఇక్కడే కుట్టాను కదా..."

"నిచ్చెనలో కాయ కొలత ఉండదు మామయ్యా. అది పుట్టుకతో వచ్చింది కాదు, కత్తెర పెట్టింది. నిజంగా లోపలికి వెళ్లినవాడివైతే నీకీపాటికి తెలిసుండేది."

పెద్దాయన టీ ఒలకబోసుకున్నాడు. "సూర్యుడికి దారం చుట్టొచ్చిన మనిషికి సొంత వేలి మీద కాయ దొరకలేదు!" అంది అత్తయ్య. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మామయ్య బొటనవేలిని చూపుడువేలికి ఆనించి చూసుకున్నాడు. "చర్మమైతే వచ్చిందిగా?" అన్నాడు, ఎవరూ ఎన్నడూ వినని చిన్న గొంతుతో.

"నిండుగా వచ్చింది. మొదట పల్చటి బట్టే కత్తిరించాలి. నొప్పి పుడితే ఆపేయాలి."

ఆయన లేచి, మేకు మీది కత్తెర దించి, వేలు దూర్చి, "అబ్బా" అన్నాడు.

"నొప్పా?" అత్తయ్య కంగారుపడింది.

"నొప్పి కాదే. కాయ మొదలవుతోంది."

ఆమె గలీబు బట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. కత్తెర నెమ్మదిగా నడిచింది, గీత తప్పలేదు. లోపలి నుంచి వచ్చిన యజమాని ఆ అంచును వేలితో తడిమి చూసి, "రేపు పొద్దున్నే రండి మాస్టారూ," అన్నాడు.

తాతయ్య చెప్పినప్పుడు ఈ కథలో కట్టు విప్పడానికి సూర్యుడే స్వయంగా అరుగు మీదికి దిగి వచ్చేవాడు. అది నమ్మకండి. నాకు దీన్ని మొదట చెప్పింది మా అమ్మమ్మ, ఆ సాయంత్రం ఆ అరుగు మీద కాజాలు కుట్టినావిడ.