ముత్యాలు పలికిన బావి

ఎర్రచేను మలుపులో పాడుబడ్డ మోటబావి ఉందే, దాని సంగతి అడిగారు గదూ. చెబుతా, ముందు ఆ గడప మీద పిల్లని ఇటు లాగండి. మేకలోళ్ళు కూడా చుట్టు తిరిగి పోతారు గానీ ఆ బావి పక్కన అడుగెయ్యరు. ఎందుకంటే పొద్దుగూకే వేళ అది పేరుపెట్టి పిలుస్తుంది. మనూరి పద్ధతి మీకు తెలిసిందేగా, చీకటి పడేటప్పుడు బయట నుంచి ఎవరన్నా పిలిస్తే మొదటిసారి పలకం, రెండోసారీ పలకం, మూడోసారి కూడా పిలిస్తేనే మనిషని నమ్మి ఓయ్ అంటాం. దెయ్యానికి మూడోసారి పిలవడం చేతకాదంట. అది ఎవరు తేల్చారో నన్నడక్కండి.

ఆ బావి మొట్టమొదట పిలిచింది ముత్యాల్ని. అప్పుడప్పుడే కాపరానికొచ్చిన పిల్ల, మిరపకాయల కోతకి పోయేది. దాని జత నాంచారి, ఆదెమ్మ కూతురు. ఇద్దరూ పక్కపక్క సాళ్ళు పట్టేవాళ్ళు, ఒకే గిన్నెలో తినేవాళ్ళు. వాళ్ళ కూలి ముఠాకి మేస్త్రి పేరయ్య. మంచి మాటకారి, ఊళ్ళో నలుగురూ కుర్చీ వేసే మనిషి.

ఒకనాడు సాయంత్రం కూలోళ్ళంతా ఇంటిదారి పట్టారు, ముత్యాలు గోతం మూతి కుట్టడానికి ఆగింది, నాంచారేమో బావి పక్కన కాళ్ళు కడుక్కుంటా ఉంది, అప్పుడు పేరయ్య వెనకనుంచి వచ్చి ముత్యాల్ని పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో నా చేత చెప్పించబాకండి. రవిక చినిగింది, అరవబోతే నోరు మూశాడు, ఇక ఊపిరాగిపోతుందనుకునేసరికి నాంచారి ఉరికొచ్చి గంపతో వాడి నెత్తిన కొట్టింది, వాడి పట్టు వదిలింది, ముత్యాలు వెనక్కి చూడకుండా జొన్నచేలో దూరింది. దూరి, నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. బావి దగ్గర పెనుగులాట వినపడింది, ఆ తర్వాత నీళ్ళల్లో ఏదో పడిన చప్పుడు, ఆ తర్వాత లోపల్నుంచి నాంచారి గొంతు. ముత్యాలూ, అని.

పలికితే వాడు వింటాడు. ఆ భయం ఉత్త భయం కాదు, ఉత్తదని ఎవరనగలరు? కాసేపటికి మళ్ళీ పిలిచింది. అప్పుడు ఆ పిల్ల ఏమనుకుందో తెలుసా, దెయ్యమేమో, మూడోసారి పిలిస్తే పోదాంలే అనుకుంది. ఆ గొంతు నాంచారిదని తెలుసు, తెలిసే అట్లా అనుకుంది. మూడో పిలుపు రాలేదు.

ఇంటికొచ్చాక అత్త, జుట్టు నిండా ఆ జొన్నాకులేందే అనడిగితే, బావి పిలిచిందత్తా, నేను పలకలేదు అంది. ఇంకేముంది, తెలివిగల పిల్ల, బతికి బయటపడిందని ఊళ్ళో అంతా మెచ్చుకున్నారు. చినిగిన రవిక సంగతి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. తెల్లారి నాంచారిని పైకి తీసేటప్పుడు తాడు పట్టినవాళ్ళల్లో పేరయ్యే ముందున్నాడు. పాపం, పిలవగానే పలికినట్టుంది, అన్నాడు.

అంతే, నాంచారి దెయ్యమైపోయింది. ఆదెమ్మ చేతి మజ్జిగ అందరూ ముట్టడం మానేశారు. ఆ తల్లి మాత్రం ముత్యాలు కనపడ్డప్పుడల్లా చెయ్యి పట్టుకుని, నా బిడ్డ ఆఖరికి ఏమన్నా అందా అమ్మా, అనడిగేది. నాకేం తెలీదు పెద్దమ్మా, అనేది ముత్యాలు. వాడి పేరు బయటపెట్టాలంటే, నాంచారి పిలిస్తే తను పోలేదన్న సంగతీ బయటపెట్టాలి గదా. వాడికంటే ఆ మాటకే ఎక్కువ భయపడింది. అట్లా ఏళ్ళు గడిచాయి, వాడే మేస్త్రి, ఈమే కూలి.

చివరికి ఎర్రచేను కోతకి మనుషులు రావడం లేదని పేరయ్యే ఎక్కడినుంచో భూతవైద్యుణ్ణి తీసుకొచ్చాడు. ఆ వైద్యుడు బావి చూసి, ఎవర్ని పిలిచిందో ఆ మనిషే గట్టు మీద ఇనపమేకు కొట్టాలి, కొడితే దాని నోరు ఇక లేవదు అన్నాడు. పొద్దు వాలే వేళ ఊరంతా పోగయింది. దూరంగా ఆదెమ్మ. ముత్యాలు చేతికి మేకూ సుత్తీ ఇచ్చారు. ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉంది, బావిలోంచి పిలుపొచ్చింది. ముత్యాలూ, అని.

అందరూ విన్నారో, దానికొక్కదానికే వినపడిందో నాకు తెలీదు. పేరయ్య మాత్రం వెనక్కి అడుగేశాడు. మళ్ళీ పిలిచింది. ముత్యాలు మూడోదాని కోసం ఆగలేదు, సుత్తి పారేసి, వస్తున్నానే నాంచారీ అని పలికింది, పలికి, వాడివైపు తిరిగి జరిగిందంతా అందరి ముందూ చెప్పేసింది. దాక్కున్నదీ చెప్పింది, పలకనిదీ చెప్పింది.

మరి ఊరు ఏమనాలి? పేరయ్య చల్లగా, రెండో పిలుపుకే పలికింది, దెయ్యం పట్టింది, ఆ మాటలు దీనివి కావు అన్నాడు. అందరూ తలలూపారు. మన పద్ధతే మరి! ఆదెమ్మ ఒక్కతే దగ్గరికొచ్చి, ఎన్నిసార్లు పిలిచిందే అనడిగింది. రెండుసార్లు పెద్దమ్మా, అంటే చెంప పగిలేటట్టు కొట్టింది, కొట్టిన చేత్తోనే దగ్గరికి లాక్కుని ఏడ్చింది. ఆ వారంలోనే మన పెద్దలు పేరయ్యని గుట్టుగా బస్సెక్కించారు. పోలీసుల దాకా పోతే ఊరి పరువు ఏం కావాలి?

అందుకని పొద్దుగూకితే అటేపు పోబాకండి. దెయ్యం ఉందో లేదో నేను చెప్పలేను. ఆదెమ్మ, ముత్యాలు మాత్రం ఆ గట్టు మీదే కూర్చుని ఉంటారు, ఎవరు కనపడ్డా పేరయ్యని ఏ ఊరు పంపించారని అడుగుతారు. మీరేం చెబుతారు? పోబాకండి.