క్యాన్ల మధ్య దుప్పటి

ఎడారి దారిలో యాక్సిల్ విరిగి ఆగిపోయిన జీపు వెనక తలుపు తీసి, భర్త మంచినీళ్ల క్యాను ఎత్తాడు. అది దూదిలా లేచింది.

"ఖాళీనా?" అంది భార్య.

"రెండూ ఖాళీయే. కుదుపులకి ఒకదానికొకటి రాసుకుని చిల్లులు పడ్డాయి. నీళ్లన్నీ దారి పొడుగునా కారిపోయాయి."

"బండి ఆగినా నీళ్లున్నాయి, ఎవరో ఒకరు వచ్చేదాకా భయం లేదన్నారు కదండీ!"

"అన్నాను."

"పోనీ, రేడియేటర్లో నీళ్లు?"

"వాటిలో మందు కలిపి ఉంది. తాగితే చస్తాం."

"ఎప్పుడూ క్యాన్ల మధ్య దుప్పటి కుక్కుతారుగా. ఈసారి మర్చిపోయారా?"

"కుక్కాను. రాత్రి నువ్వు చలికి వణుకుతుంటే తీసి నీకు కప్పాను."

"పొద్దున మళ్లీ పెట్టాల్సింది."

"బండి తీసేటప్పటికి నువ్వింకా నిద్రలోనే ఉన్నావు. లాగితే మెలకువొస్తుందని ఊరుకున్నాను."

"లేపితే నా సొమ్మేం పోయేదండీ?"

అతను ముందు సీటు కింద నుంచి సీసా తీసి ఆమె చేతికిచ్చాడు.

"సీసాలో గుక్కెడు ఉన్నాయి. తాగు."

"మీరో?"

"నేనిందాకే తాగాను."

"ఆ ఎండిన పెదాలు చూస్తే తెలీడం లేదూ! నిజం చెప్పండి, ఈ దారిన ఎవరైనా వస్తారంటారా?"

"ఆ దుప్పటి దగ్గర పెట్టుకో. రాత్రికి మళ్లీ చలేస్తుంది."