ఫొటో కింది అంచు

దీవిలోని అబర్డీన్ బజార్‌లో ప్రత్యూష వీడియో షాపు. సునామీకి ఇరవై ఏళ్లు నిండుతున్నాయని, జెట్టీ దగ్గర పెద్ద తెర మీద వేయడానికి పోయినవాళ్ల ఫొటోలన్నీ వీడియోగా కడుతోంది. మూడొందల ఫొటోలూ సాఫీగా ఎక్కాయి. పైడిబాబు తెచ్చిన ఒక్క ఫొటో దగ్గరే పని ఆగింది.

"మళ్లీ కోసీసింది, దీదీ."

"నేనేం చెయ్యను పైడిబాబూ? నీ ఫొటో నిలువు, తెర అడ్డం. నిండుగా రావాలంటే పైనో కిందో పోవాలి కదా."

"పైన పోనీ. కింద ఉంచు."

"పైన పోతే బాబు తల పోతుంది! ఈ సాఫ్ట్‌వేరు మొహం ఎక్కడుందో తనే వెతుక్కుని, దాన్ని ఉంచి మిగతాది కోసేస్తుంది. వద్దంటే వినదు."

"సిన్నది సేసీ. మొత్తం పడతాది."

"చేశా కదా! రెండు పక్కలా నలుపు, మధ్యలో అగ్గిపెట్టంత ఫొటో."

"అగ్గిపెట్టంతయితే నా ఫోన్లోనే ఉంది. తెర మీద పెద్దగా సూడాల. ఒక్కసారి."

"సాగదీస్తే బాబు గుమ్మడికాయ అయిపోతాడు. ఛోడో భయ్యా, ఇలాగే బావుంది. ఆ బుగ్గలు చూడు, ఎంత ముద్దుగా ఉన్నాయో! కింద ఏముందని? స్టూలూ, పడిపోకుండా పట్టుకున్న ఎవరిదో చెయ్యీ."

"అదుండాల."

"ఏది, స్టూలా?"

"కిందదంతా ఉండాల. ఇంకో సాఫ్ట్‌వేరు కొనరాదా?"

"ఇది కొనేది కాదు, ఫ్రీ. ఎక్కడెక్కడి వాళ్లో తీరిక చేసుకుని రాస్తారు. మనకి కావాల్సింది అడగొచ్చు. నచ్చితే పెడతారు."

"అడుగు మరి."

"ఇరవయ్యారో తారీకు లోపల పెట్టేస్తారా ఏంటి?"

"వచ్చే యేడు పెడతారు. అడుగు, దీదీ."

"అబ్బా, జిద్దీవి, ఒట్టి మొండివాడివి! ఆగు, పేజీ తెరుచుకుంది. 'మొహం కాకుండా, ఫొటోలో మేం చూపించిన చోటు ఉంచే ఆప్షన్ కావాలి.' సరేనా?"

"సరే. పంపీ."

"ఎందుకు కావాలో కూడా రాయమంటోంది."

"కావాలి గనక."

"అలా రాస్తే ఎవరు పట్టించుకుంటారు? బాబు నీకేమవుతాడు, తమ్ముడా?"

"నాకు తమ్ముళ్లు నేరు."

"ఆ రోజు మీ ఇంటి నుంచి ఎవరెవరు వస్తున్నారు?"

"నేనొక్కణ్ణే."

"పోనీ పేరైనా సరిగ్గా చెప్పు. చీటీలో కాళమ్మ అని రాసిచ్చావు. మగపిల్లాడికి కాళమ్మేంటి?"

"పేరు కరెస్టే."

"పాపం, పోయిన పిల్లాడి పేరు తప్పు పడకూడదు కదా తమ్ముడూ."

"ఆ గుంటడు పోనేదు."

"పోలేదా? మరి వీడెవరు?"

"నేను."

"నువ్వా! మరి కాళమ్మెవరు?"

"హట్‌బేలో ఇంటితో పాటు ఫొటోలన్నీ నీళ్లల్లో పోనాయి, దీదీ. సౌల్దారీలో మా పిన్ని కాడ ఇదొక్కటే మిగిలింది. మొహం నాకూ గేపకం నేదు. రాయి, ఆ సెయ్యి మా అమ్మ."