రాకెట్టులో ఊక, నవలలో మంత్రం

“తాతయ్యా, నేనో సైన్సు నవల మొదలెట్టాను. నువ్వూ రాసేవాడివట కదా, ఎందుకు మానేశావు?”

ఎవరు చెప్పారే నీకు? మీ నాన్నమ్మేనా? మా చెల్లెలికి నోరాగదు. కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచం మీద కూర్చో.

రాసేవాణ్ణంటే... రాశాన్లే. నా చదువెంతనుకున్నావు, పదో తరగతి. అదీ రెండోసారికి. మండపేటలో రైసుమిల్లు బాయిలరు దగ్గర పని. పొద్దస్తమానం ఆవిరి ముల్లు చూస్తూ కూర్చోవడమే. దాన్ని చూసి చూసి నా బుర్రలోకి రాకెట్టు ఎక్కింది. పిల్లల సైన్సు వాచకాలు పాతవి తెచ్చుకుని చదివి, ‘అంగారకుడి మీద ఆకుమళ్ళు’ అని రాశాను. మనవాళ్ళు అంగారకుడి మీదకెళ్ళి స్వర్ణ వరి నారు పోస్తారు, అదీ కథ. నా రాకెట్టు దేంతో నడుస్తుందో తెలుసా? ఊకతో. మా మిల్లు బాయిలరు మండేది ఊకతోనే, మరి నాకు తెలిసిన ఇంజను అదొక్కటే కదా. హీరో పాపం చంద్రుణ్ణి దాటేదాకా పారతో ఊక ఎగదోస్తూనే ఉంటాడు. ఇంక హీరోయిన్ని ప్రేమించడానికి తీరికేదీ వాడికి?

నవ్వు, నవ్వు. రాజమండ్రిలో ఓ పబ్లిషరు వేశాడు దాన్ని. అప్పట్లో, తొంభైల్లో అన్నమాట, సందుకో అద్దె పుస్తకాల కొట్టుండేది. రూపాయిస్తే నవల ఇంటికి తెచ్చుకోవచ్చు. కాదులే, లావు నవలైతే రూపాయిన్నర. మా వీధి చివర కొట్టాయన నా పుస్తకం రెండు వేళ్ళతో ఇలా పట్టుకుని, “ఏవండీ, అంగారకుడి మీద నీళ్ళెక్కడివండీ? కాలవెవరు తవ్వారూ? జేబులో పెట్టుకునే ఫోనంటారు, మరి దానికి వైరేదండీ? అబద్ధానికైనా అంతుండాలి కదండీ” అన్నాడు. బెంగతో రెండ్రోజులు అన్నం ముట్టలేదనుకో. అబద్ధంలే, రెండోరోజు తిన్నాను. మా ఆవిడ కోడికూర వండింది.

పబ్లిషరేమో, “సైన్సు ఎవడికి కావాలండీ? ఓ మాంత్రికుణ్ణి పెట్టండి, ఓ పాడుబడ్డ కోట పెట్టండి” అన్నాడు. పెట్టాను. ‘కాకిముక్కు కోన’. అందులో ఓ యోగి పాముకాటుకి మంత్రం వేస్తాడు. మంత్రమంటే నాకేం వచ్చు? బస్టాండులో కూర్చుని, బస్సుల బోర్డుల మీద ఊళ్ళ పేర్లు వెనక నుంచి ముందుకి చదివి అల్లేశాను. ఓం కుణుత, టపేడమం, లెంపాలవురా, ఫట్. తణుకు, మండపేట, రావులపాలెం. అంతే. అదీ నా తపస్సు.

ఆ పుస్తకం కుట్లూడిపోయేదాకా తిరిగిందమ్మా. ఆ కొట్టాయనే నన్ను చూసి లేచి నిలబడి, “గురువుగారూ, మీకింత ఉపాసన ఉందని తెలీలేదండి” అన్నాడు. అంగారకుడి మీద నీళ్ళు నమ్మనివాడు, చూడు మరి.

అక్కడితో ఆగుంటే నవ్వుకుని ఊరుకుందుం. ఓ మధ్యాహ్నం, కోతల రోజులు, మిల్లు ముందు ట్రాక్టరాగింది. వెనకాల తొట్టిలో గడ్డి మీద ఒకావిడ పడుకునుంది, కాలికి తువ్వాలు కట్టారు. పక్కన మొగుడు, సత్తిబాబని, చేతిలో నా పుస్తకం. పెళ్ళాన్ని పాము కరిస్తే ఆసుపత్రికి కాదు, నా దగ్గరకి తెచ్చాడు!

“మంత్రం వెయ్యండి గురువుగారూ.”

“బాబూ, అది నేను అల్లిందయ్యా. ఉత్తిది. ముందు ఆసుపత్రికి పద.”

“పెద్దోళ్ళు అలాగే అంటారండి. పుస్తకంలో యోగిగారు కూడా ముందు మంత్రం లేదనే అన్నారు కదండీ.”

చూశావా! కథ బిగువుగా ఉంటుందని నేనే రాశానది. అవి ఊళ్ళ పేర్లురా అని బోర్డులతో సహా చెప్పాను. “నన్ను పరీక్షిస్తున్నారండి, నాకు తెలుసండి” అని కాళ్ళు పట్టుకున్నాడు. ఇటు చూస్తే ఆవిడ రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. నేనెంత నిజం చెబితే వాడంత గట్టిగా నమ్ముతున్నాడు. ఇంకేం చెయ్యను? రచయితని కదా, ఇంకో అబద్ధం అల్లాను. “మంత్రం సగమే అచ్చేశాన్రా. మిగతా సగం కదిలే బండిలో చదవాలి. పెద్దాసుపత్రిలో సూది గుచ్చితేగానీ అది ఒంట్లోకి దిగదు” అన్నాను. అప్పుడు కదిలాడు.

మిల్లు షావుకారుగారు కారిచ్చారు. వెనక సీట్లో పెళ్ళాం తల ఒళ్ళో పెట్టుకుని సత్తిబాబు, ముందు సీట్లో నేను. రాజమండ్రిదాకా లెంపాలవురా, లెంపాలవురా. ఆపితే కారు వెనక్కి తిప్పమంటాడేమోనని నా భయం. గొంతు బొంగురుపోయింది.

డాక్టరమ్మ విషానికి సూదిమందు ఎక్కించి, మంచం పక్కనుంచి కదల్లేదు. బతికిందమ్మా ఆవిడ. సత్తిబాబు మంత్రం సంగతి చెప్పేసినట్టున్నాడు, డాక్టరమ్మ నాకేసి ఎగాదిగా చూసి, “పెద్దమనిషిలా ఉన్నారు, ఈ మంత్రాలేంటండీ మీకు?” అంది. నేను సైన్సు రచయితనండి అందామని నోటిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అంటాను?

సత్తిబాబు ఊరూవాడా చెప్పాడు. అందులో డాక్టరమ్మ ఊసే లేదు. పబ్లిషరు మళ్ళీ అచ్చేసి, అట్ట మీద ‘ప్రాణం పోసిన మంత్రం ఇందులో ఉంది’ అని ఎర్రక్షరాలతో వేశాడు. నేను పరిగెత్తుకెళ్ళాను. “ఆ పేజీ తీసెయ్యండి. పోనీ కింద ఓ ముక్క వెయ్యండి, ఇది కల్పన, పాము కరిస్తే ఆసుపత్రికెళ్ళండి అని” అన్నాను.

“ఆ ముక్క వేస్తే పుస్తకం ఎవరు ముట్టుకుంటారండీ? సరే, మీ అంగారకుడి రెండో భాగం కూడా వేద్దాంలెండి. ఆ యోగినే అక్కడికీ తీసుకెళ్ళండి” అన్నాడు.

యోగిని! అంగారకుడి మీదకి! ఇంక నేను రాయనని చెప్పి వచ్చేశాను. నేను రాయకపోతే ఆగిందా? ఎవరిచేతో రాయించి, నా పేరు పెట్టి నాలుగు నవలలేశాడు. వాటినిండా మంత్రాలే. జనం నాకు ఎదురొచ్చి మరీ, “ఇదివరకటికన్నా ఇప్పుడు బాగా రాస్తున్నారండి” అనేవారు.

ఆ అద్దె కొట్లన్నీ సీడీల కొట్లయి, ఇప్పుడవీ పోయాయి. ఆ పుస్తకం మాత్రం ఏదో ఒక అటక మీద ఉండే ఉంటుంది. మొన్నామధ్య బస్సులో ఒకాయన దండం పెట్టి, “మా బావమరిదికి కూడా మీ మంత్రం పనిచేసిందండి” అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళారా అని అడిగితే, “ఆ, తీసుకెళ్ళామండి, ఎందుకైనా మంచిదని” అన్నాడు.

బతికినవాళ్ళే కదమ్మా వచ్చి చెప్పేది. మనిషిని ఇంట్లోనే పడుకోబెట్టి, ఆ పేజీ చదువుతూ కూర్చున్నవాళ్ళు నాకు దండం పెట్టడానికి ఎందుకొస్తారు? అలాంటివాళ్ళు ఒక్కరూ లేరేమో. ఉన్నారేమో. ఎవర్ని అడగను?

నిన్ను రాయొద్దనను తల్లీ, రాయి. నిన్ను చదివినవాళ్ళు పేజీపేజీకీ నీతో పోట్లాడాలి. ఇదెలా కుదురుతుందని నిలదీయాలి. ఒక్కడంటే ఒక్కడు నీ కాళ్ళకి దండం పెట్టకూడదు. పెద్దవాణ్ణి, ఇంతకన్నా మంచి దీవెన నా దగ్గర లేదమ్మా... చల్లగా ఉండు.