షారోను పెట్టెల కొట్టు

సాయంత్రం. శవపెట్టెలు చేసే కొట్టు. మేస్త్రి, కాలేజీలో చదివే అతని కూతురు.

“ఆ చివర పట్టుకో. గుడ్డ ముడత పడుతోంది.”

“నాన్నా, నేను చెప్పేది వినవా?”

“వింటున్నా. చేతులకే పని, చెవులు ఖాళీయే. గట్టిగా లాగు.”

“పొద్దున... వాళ్ళొచ్చినప్పుడు...”

“ఎవరు? ముసలావిడ పెట్టె కోసం వచ్చినవాళ్ళా? పాపం, ఆ పిల్ల తెగ ఏడ్చింది. నీ క్లాసేగా?”

“క్లాసేంటి, నా బెంచీయే. రోజూ ఒకే డబ్బాలో తింటాం.”

“ఓహో.”

“ఓహో ఏంటి నాన్నా? నేనూ వాళ్ళతోనే లోపలికొచ్చా. నువ్వు చూశావు. చూసి, ‘రండమ్మా, మీరూ కూర్చోండి’ అన్నావు. నన్ను పట్టుకుని మీరు అన్నావు!”

“కొట్టుకొచ్చినవాళ్ళని నువ్వంటానా ఏంటి?”

“నాన్నా.”

“నీ మొహం చూశానే. గుమ్మంలో అడుగు పెట్టగానే పాలిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు కాబోలు, ఇరుక్కుంది పిల్ల అనుకున్నా. అంతే. ఆ మేకులందుకో.”

“వాళ్ళ మామయ్య బోర్డు చూసి, ‘ఇదేంటమ్మా, నీ పేరే ఉందే’ అన్నాడు. విన్నావా?”

“రంపం చప్పుడులో ఏం వినపడుతుంది?”

“రంపం ఆపేశావు అప్పుడు. విన్నావు.”

“సరే, విన్నా. షారోను అంటే బైబిల్లో ఉన్న ఓ మైదానం, పూలు పూసే చోటు, మనుషులకీ పెట్టుకుంటారు, బళ్ళకీ ఆసుపత్రులకీ పెట్టుకుంటారు అన్నావు. నిజమేగా? మన వీధి చివర టైలరు కొట్టుకి లేదూ అదే పేరు?”

“అక్కడితో ఆపలేదు నాన్నా.”

“పోనీలే అమ్మా.”

“‘మీ నాన్నేం చేస్తారు?’ అన్నాడు. ‘ఫర్నిచరు’ అన్నా. నువ్వు మూతకి పిడులు బిగిస్తున్నావు. చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నావు.”

“రెండూ చెక్క పనేగా. మరీ అంత అబద్ధమేం కాదు.”

“నవ్వకు. తిట్టు. ఒక్కసారి తిట్టు నాన్నా.”

“ఎందుకు తిట్టడం? శవాల మేస్త్రి కూతురంటే పక్కనెవరు కూర్చుంటారు?”

“అది కూర్చుంది.”

“ఏంటీ?”

“దానికి మొదట్నుంచీ తెలుసట. ఇందాక సమాధుల దగ్గర నా చెయ్యి పట్టుకుని, ‘మీ నాన్న మా నానమ్మకి తల కింద దిండు కూడా పెట్టారే, ఆయన్ని అడిగానని చెప్పు’ అంది. అందరి ముందూ కాదు, చెవిలో. వాళ్ళ నానమ్మని మట్టిలో పెడుతుంటే, అది నా పరువు కాపాడింది. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.”

“మంచి పిల్ల.”

“నేనే కాదు.”

“అలా అనకు. ఆ సుత్తి ఇటివ్వు.”

“నువ్వెప్పుడూ ఇంతే. ఒకటడుగుతా, చెప్పు. బళ్ళో ‘పెట్టె పిల్లా, పెట్టె పిల్లా’ అని ఏడిపించేవాళ్ళు. అందుకే కాలేజీలో నోరు విప్పలేదు. చావుల కొట్టుకి కూతురి పేరెవరైనా పెడతారా నాన్నా? ఇంకో పేరే దొరకలేదా నీకు?”

“బోర్డు తీసేయమంటావా?”

“నేనడిగిందేంటి, నువ్వనేదేంటి?”

“రేపు తీసేస్తాలే. ఎలాగూ రంగు పోయింది.”

“తీసేయమనట్లేదు! ఎందుకు పెట్టావో చెప్పమంటున్నా. నాన్నా, అటు తిరగకు. ఆ సుత్తి పక్కన పెట్టు. నాన్నా... ఏడుస్తున్నావా?”

“పొట్టు. కంట్లో పడింది.”

“నాన్నా.”

“మీ అమ్మతో అనకు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది.”

“ఏం చెప్పొద్దని?”

“అప్పట్లో నేను మంచాలూ తలుపులూ చేసేవాణ్ణి. పెట్టెలమ్మేవాళ్ళ దగ్గరికెళితే అంత చిన్నది లేదన్నారు. పెద్దదాంట్లోనే పడుకోబెట్టి, చుట్టూ గుడ్డలు కుక్కుకోమన్నారు. మనసొప్పలేదు. ఊయల కోసం తెచ్చిన చెక్క ఉంటే, కూర్చుని నేనే చేశా.”

“ఎవరికి?”

“అది చూసినవాళ్ళు చెప్పుకున్నారు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మాకూ అలాగే చెయ్యమన్నారు. కాదనలేకపోయా. మంచాల పని మానేసి కొట్టు పెట్టా. బోర్డు రాయించా. నువ్వు ఆ తర్వాత పుట్టావు.”

“తర్వాతా? మరి పేరు...”

“నీ పేరు కొట్టుకి పెట్టలేదమ్మా. ముందు మీ అక్కది, తర్వాత కొట్టుది. ఆ తర్వాతే నీది.”