మీరేనా?

"అమ్మేసి రమ్మంటే ఆ వీడియో గేమ్ డబ్బా మళ్ళీ మోసుకొచ్చినారేటి?"

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో భార్యాభర్తల మధ్య ఈ మాట వారంగా తెగడం లేదు. పెద్దమ్మాయి ప్రణతి పోయి ఐదు నెలలైంది.

"డిస్కులైతే ఇప్పుడే కొంటానన్నాడు గోల్‌బజార్ షాపు బెంగాలీ దాదా. డబ్బా కొనాలంటే ముందు అందులో అమ్మాయి అకౌంట్ తీసెయ్యాలట."

"తీసెయ్యకపోయినారా?"

"ఓనరే ఒప్పుకోవాలట. దాని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'ప్రణతీ, అడుగుతున్నది మీరేనా?' అని."

"మరేటి నొక్కినారు?"

"ఏటీ నొక్కలేదు. చూస్తూ కూర్చున్నాను. జవాబుకిచ్చిన టైమ్ అయిపోయింది."

"అవునని నొక్కితే?"

"డబ్బాలో అది ఆడి దాచుకున్నవన్నీ చెరిగిపోతాయట."

"కాదంటే?"

"ఎవడో దొంగ అనుకుంటుందట కంపెనీ, నన్ను."

ఆవిడ నవ్వలేదు. డబ్బా అందుకుని కొంగుతో తుడిచి, టీవీ కింద పెట్టి, వైరు తగిలించింది.

మధ్యాహ్నం అత్తగారు, కొడుకు, అందరూ భోజనాలకి కూర్చున్నాక, వడ్డిస్తూనే చెప్పింది.

"అత్తా, ఆ డబ్బా అమ్మడం లేదు. దినకర్, సాయంత్రం నుంచి నువ్వు ఆడుకో. అందులో అక్క పేరు మాత్రం మార్చకు."