రెండు నోళ్ళ బావి

రెండు నోళ్ళ బావి కాడికి ఎవరు పోయారంట ఇయ్యాల? తల వంచుకున్నోడెవడో నాకు కనపడతానే ఉందిలే. రండి, కూర్చోండి, ఆ రాట్నం కాస్త అటు జరపండి. మేకలు కూడా ఆ గట్టు మీద గడ్డి ముట్టవు, పేట నడుమ ఉన్న బావిని తప్పించుకుని పెద్దపెద్దోళ్ళే దొడ్లమ్మట చుట్టు తిరిగి పోతారు, మీకేం పోయేకాలం వొచ్చింది? చెప్తా వినండి. మధ్యమధ్యలో ఊఁ కొట్టండి, గోడలకి కథ చెప్పటం నాకు చేతగాదు.

మొదట్లో దానికి రెండు నోళ్ళు లేవు. అన్ని బావులకి మల్లే ఒకటే నోరు. అటుపక్క నామాలవీధి, ఇటుపక్క విభూతివీధి, బావి నడుమ, రెండు వీధులూ ఒకే వరస. అటువాళ్ళు విష్ణుమూర్తిని కొలుస్తారు, ఇటువాళ్ళు శివుణ్ణి కొలుస్తారు. అటు నిలువుబొట్టు, ఇటు అడ్డబొట్టు. అంతే కదా తేడా? నేసేది ఒకటే గుంటమగ్గం, తాగేది ఒకటే గంజి. ఆ రోజుల్లో పొడుగు పడుగుకి, అదే మగ్గానికెక్కే నిలువు పోగులకి, గంజి పెట్టాలంటే ఆ చివర నుంచి ఈ చివరకి రెండు వీధులూ కలిపి నూలు చాపేవాళ్ళు, ఎవరి పడుగైనా సరే అందరూ కుంచెలు పట్టుకుని వొచ్చేవాళ్ళు. గంజి తడి ఆరేలోపల దువ్వాలి, లేకపోతే పోగూ పోగూ అంటుకుని అదంతా మోకు అయిపోద్ది. అందుకని నామాలాయన పడుగుని విభూతాయన దువ్వేవాడు, విభూతాయన పడుగుని నామాలాయన దువ్వేవాడు, అప్పుడు బొట్టెవరు చూశారు?

మరి ఎట్టా చెడిందంటే, ఒక ఏడు వీరభద్రుడి ఊరేగింపు. ఊరేగింపు నాడు వీధిలో పడుగు చాపకూడదని కట్టుబాటు. నామాలవీధి పెద్ద తిరువెంగళయ్య ముందురోజే చాపాడు, మబ్బు పట్టి అది ఆరలా. తెల్లారేసరికి నూలు ఇంకా పచ్చిగానే ఉంది, ఇటు నుంచి డప్పులు వొస్తున్నాయి. కాసేపు ఆగండయ్యా, ఆరగానే ఎత్తేస్తానన్నాడంట ఆయన. దేవుడు నీ నూలు కోసం నిలబడతాడా అన్నారంట వీళ్ళు. ఇంతలో ఎవరో పడుగుని దాటారు. పడుగుని దాటటమంటే నేసేవాడి తల దాటినట్టే, మీకు చెప్పాల్నా? ఎవరు దాటారు అని అటు అడిగితే డప్పులాయన కావాలనే దాటాడంటారు, ఇటు అడిగితే వాళ్ళే ఆయన్ని నెట్టారంటారు. ఆనాడు చూసినోళ్ళు ఒక్కరూ లేరిప్పుడు, అయినా అందరూ కళ్ళారా చూసినట్టే చెప్తారు! కర్రలు లేచినయ్యి, కాగడా పడి పడుగు కాలింది, తలలు పగిలినయ్యి. ఆ నాటి నుంచి ఎవరి వీధిలో వాళ్ళు సగం పడుగే చాపుతున్నారు. పొడుగు చీరల పని పొరుగూళ్ళకి పోయింది, పౌరుషం మాత్రం మనకి మిగిలింది.

బావిని మాత్రం సగానికి కొయ్యటం ఎట్టా? ఆలోచించారు పెద్దలు. నోటికి అడ్డంగా ఒక రాతిదూలం వేసి, దాని మీదుగా వీధి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మనిషెత్తు గోడ కట్టి, అటొక గిలక, ఇటొక గిలక పెట్టారు. పైన గోడ, కింద అవే నీళ్ళు! అటు చేదకి ఇటు చేద నీళ్ళల్లో తగిలి టంగుమనేది, అయినా ఎవరి నీళ్ళు వాళ్ళవే అనుకునేవాళ్ళు. పైగా ఇంకో కట్టుబాటు: ఈ వీధి చేంతాడు ఆ వీధి మనిషి ముట్టుకుంటే తాడు పారెయ్యాలి, బావికి శుద్ధి చెయ్యాలి.

ఇట్టా ఉండగా ఒక ఎండాకాలం సూదులమ్ముకునే ఒకావిడ వొచ్చింది. ఏ ఊరో, ఎవరి మనిషో తెలవదు. పొద్దుటేల నామాలవీధిలో అమ్మింది, మధ్యాన్నం విభూతివీధిలో అమ్మింది, దప్పికై బావి గట్టు మీద ఒంగింది, గట్టు రాయి కదిలింది, ఆమె లోపల పడింది. పడి, రాయి పట్టుకుని కేకేసింది. రెండు వైపులా జనం మూగారు. చీకటి బావిలో మనిషి ఆనదు, గొంతు మాత్రం రెండు నోళ్ళ నుంచీ వొస్తంది. అప్పుడేం అడిగారనుకున్నారు? ఏ వీధి మీది అని అడిగారు. అటు నుంచి అదే ప్రశ్న, ఇటు నుంచీ అదే. తాడు పాడైపోద్ది కదా మరి!

ఆ మనిషికి కోపమొచ్చింది. రాకేం? రెండు వీధుల్లోనూ సూదులమ్మాను తల్లుల్లారా, ముందు తాడు వెయ్యండి, పైకొచ్చినాక చెప్తాను అందంట. కాదు, ముందు చెప్పు అన్నారు వీళ్ళు. చెప్పను, ముందు తాడు అందావిడ. ఏదో ఒక వీధి పేరు చెప్పుంటే బతికేది. చెప్పలా. చేతులు సడలిందాకా ముందు తాడు, ముందు తాడు అంటానే ఉంది, ఆ తర్వాత ఆ మాట కూడా వినపడలా. బయటికి తీస్తే నుదుటి మీద బొట్టు నీళ్ళకి చెరిగిపోయింది. విభూతివాళ్ళు పూడుస్తారు, నామాలవాళ్ళు కాలుస్తారు, ఈమెని ఏం చెయ్యాలి? మావాళ్ళు కాదంటే మావాళ్ళు కాదన్నారు. చివరికి గొర్రెలు కాసేవాళ్ళు తీసుకుపోయి మట్టి చేశారు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుద్ది.

అయిపోయిందా? యాడ అయిపోద్ది! మర్నాటి నుంచి చేద వేసినోళ్ళనల్లా లోపల నుంచి ఆమె గొంతు అడగటం మొదలెట్టింది, ఏ వీధి మీది అని. నామాలవీధి అంటే తాడు తెగేది. విభూతివీధి అన్నా తెగేది. పలక్కపోతే చేద ఖాళీగా పైకొచ్చేది. జడుసుకుని రెండు వీధులూ బావి మానుకుని, దూరంగా వాగులో చెలమలు తవ్వుకుని నీళ్ళు మోసుకున్నాయి. గోడ మాత్రం ఎవరూ తియ్యలా.

ఇక ఈరమ్మ సంగతి. విభూతివీధిలో బావి పక్కనే ఆఖరిల్లు ఆమెది. మొగుడు పోయాడు, ఒక్కతే మగ్గం నేసుకుంటా ఉండేది, నోరు మంచిది కాదని పేరు. బావికి అవతల, నామాలవీధిలో మొదటిల్లు తాయారమ్మది. ఆ ఏడు తాయారమ్మ కూతురు పురిటికొచ్చి ఆడపిల్లని కంది. పసిబిడ్డ ఏడిస్తే గోడ ఇవతల నుంచి ఈరమ్మకి వినపడేది. మగ్గం గుంటలో కూర్చుని, అడ్డపోగు విసిరే నాడె ఆపి, ఊరుకో బంగారూ ఊరుకో అని ఇక్కణ్ణుంచే జోకొట్టేదంట. ముఖం చూడలా, పేరు తెలవదు, అయినా ఆ ఏడుపు మీద ప్రాణం పెట్టుకుంది. నవ్వుతారేందే? పిల్లలు లేని మనిషికి అంతే ఉంటది.

రోహిణి కార్తె, మిట్టమధ్యాన్నం. తాయారమ్మ పొయ్యి నుంచి నిప్పురవ్వ లేచి కప్పుకి అంటుకుంది. తాటాకు కదా, భగ్గుమంది. మొగోళ్ళు సగం మంది బట్టలు మోసుకుని సంతకి పోయారు. పురిటిగది వెనకపక్కనుంది, వాకిలి ముందే మండుతంది, తల్లీ బిడ్డా లోపలే ఉన్నారు. ఇటుపక్క ఉన్నోళ్ళు వీధిలోకొచ్చి నిలబడి చూస్తున్నారు. విభూతివీధి పెద్ద గురవయ్య చెయ్యి పైకెత్తి గాలి చూసి, అటు పోతంది, మనకేం భయం లేదన్నాడు.

ఆ మాటకి ఈరమ్మ ఆయన్ని చూసిన చూపు చూసినోళ్ళు మరిచిపోలేదంట. భయం గాలిని చూసి కాదయ్యా, నిన్ను చూసి పట్టాలి అని, ఇంట్లోకి పోయి చేదా చేంతాడూ తెచ్చి, గిలకకేసి, ఇన్నేళ్ళుగా ఎవరూ ముట్టని బావిలోకి వొదిలింది. అందరూ వొద్దొద్దని అరిచారు. చేద నీళ్ళకి తగిలిందో లేదో తాడు బిగుసుకుంది. లోపల నుంచి గొంతు వొచ్చింది. ఏ వీధి మీది?

ఈరమ్మకి భయం వెయ్యలేదంటారా? తాడు వొదిలేసి పోదామనుకుందంట, ఆమే చెప్పింది. కానీ అవతల బిడ్డ ఏడుపు వినపడింది. అప్పుడు ఆ బావిలోకి ఒంగి, ఏందే అడుగుతున్నావు, నిన్నదే మాట అడిగి చంపితే నువ్వూ అదే నేర్చుకున్నావా, సిగ్గు లేదటే, ముందు నీళ్ళియ్యి, ఆ బిడ్డ బయటికొచ్చినాక చెప్తాను అని అరిచింది.

బావిలో నీళ్ళు ఒక్కసారి కదిలాయి. తర్వాత తాడు వొదులైంది. లాగితే చేద నిండుగా వొచ్చింది. గోడకవతల తాయారమ్మ కూడా చేద వేసి, వొదినా, ఇటూ వొస్తున్నాయి, ఇటూ వొస్తున్నాయి అని ఏడుస్తా అరిచింది. రెండు గిలకలూ కిర్రుమన్నాయి. కానీ ఈరమ్మ నీళ్ళు అవతలికి అందటానికి గోడ అడ్డం. ఈరమ్మ గునపం తెచ్చి ఒక్కటేసింది. అవతల నుంచి తాయారమ్మ రోకలితో పొడిచింది. ఇటుకలు బావిలో పడ్డాయి, దారి పడింది, ఇటున్న ఆడోళ్ళు కూడా సిగ్గొచ్చి బిందెలు పట్టుకొచ్చారు. వాకిలి తడిపి, తడి గోనెలు కప్పుకుని తల్లినీ బిడ్డనీ తీసుకొచ్చారు. ఈరమ్మ అప్పుడు చూసింది ఆ బిడ్డ ముఖం. ఒళ్ళంతా మసి, బొట్టు పెట్టటానికి కూడా చోటు లేదంట.

కథ ఇక్కడ ఆపితే బాగుంటది, కానీ మన పెద్దలు ఆపనియ్యరుగా. సంత నుంచి వొచ్చినోళ్ళూ ఊళ్ళో ఉన్నోళ్ళూ కూర్చుని, ఈరమ్మని వెలెయ్యాలని ఇటు, తాయారమ్మని వెలెయ్యాలని అటు తీర్మానం చేశారు. గోడ మళ్ళా కట్టాలని మాత్రం రెండు వీధులూ ఒకటే మాట! కలిసి రాళ్ళు మోశారు, కలిసి సున్నం కలిపారు. కర్రలు లేచిన నాటి నుంచి కలిసి చేసిన పని అదొక్కటే. ఈరమ్మ మెడ నిక్కించి, వెయ్యండయ్యా వెలి, మీరు లేని చోట గాలన్నా బాగా తగులుద్ది అంది.

గోడ కట్టారా, తెల్లారేసరికి పడిపోయుంది. మళ్ళా కట్టారు, మళ్ళా పడింది. దెయ్యం కూలుస్తందన్నారు, భూతవైద్యుణ్ణి పిలిచారు, ఏం లాభం లేదు. దెయ్యమే అయ్యుంటదిలే. ఈరమ్మ మంచం కింద గునపానికి ఎప్పుడు చూసినా తడి సున్నం ఉండేదని తాయారమ్మ మనవరాలు చెప్తది, అదీ నిజమే అయ్యుంటది. చివరికి విసుగొచ్చి ఎవరి వీధిలో వాళ్ళు బోరు వేయించుకున్నారు, బావిని వొదిలేశారు. గోడ లేదు, రాతిదూలం మాత్రం ఉంది, రెండు నోళ్ళూ అట్టాగే తెరుచుకుని ఉన్నాయి.

ఏందీ, ఆ మనవరాలు ఎవరంటావా? ఆ మసిలో నుంచి బయటికొచ్చిన బిడ్డ ఎవరైతే నీకెందుకురా, ముసలై మీ ముందు కూర్చోనుండొచ్చు. నాది ఏ వీధో మాత్రం అడగమాక.

అందుకని చెప్తున్నా, అటు పోమాకండి. ఆ సూదులావిడ ఇంకా అక్కడే ఉంది, అదే అడుగుద్ది. ముందు నీళ్ళు అనేవాళ్ళని ఏమీ చెయ్యదు, నిండు చేద ఇచ్చి పంపిద్ది. మిమ్మల్ని చూస్తే, అడగకముందే జవాబు నాలిక చివర పెట్టుకుని ఉన్నారు. పోమాకండి, మంచి చేంతాళ్ళు దండగ.